జనరేటర్ బ్యాటరీ: జూబ్లీహిల్స్ సెల్లార్లలో, షూటింగ్ వ్యాన్లలో

కరెంటు పోగానే డీజిల్ జనరేటర్‌ని లేపేది బ్యాటరీ. ఇంజన్, ఆల్టర్నేటర్, వాటిని కప్పే పెట్టె (కనోపీ) కలిస్తే టన్నుకు మించిన బరువు. ఆ ఇంజన్‌ని తిప్పే సెల్ఫ్ మోటారుకు కావలసిన కరెంటంతా ఒక మూల ట్రేలో ఉన్న ఒకటి రెండు బ్యాటరీల నుంచే రావాలి. చిన్న సెట్లకు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి సరిపోతుంది. షూటింగులకు వెళ్ళే 125 కేవీఏ స్థాయి సెట్లలో సాధారణంగా రెండింటిని సిరీస్‌లో కలిపి 24 వోల్టులు చేస్తారు. జనరేటర్ స్టార్ట్ కావడం లేదని కబురు వస్తే మెకానిక్ ముందు చూసేది బ్యాటరీనే, తప్పు కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఒళ్ళు కాల్చే ఆమ్లం, పేలే వాయువు, పానాను ఎర్రగా కాల్చగల కరెంటు మూడూ ఒకేచోట ఉండేది కూడా ఆ ట్రేలోనే.

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతంలో ఈ బ్యాటరీలు రెండు రకాలుగా బతుకుతాయి. ఒకటి స్థిరంగా ఉండేది. బంగళా సెల్లార్లోనో, ప్రహరీ పక్క ఖాళీ స్థలంలోనో, ఆసుపత్రి వెనకనో, డబ్బింగ్ థియేటర్, ఎడిటింగ్ సూట్ ఉన్న భవనం కిందనో పడి ఉంటుంది. రెండోది తిరిగేది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యాక, తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చి తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి తరలాక, ఔట్‌డోర్ యూనిట్ల జనరేటర్ వ్యాన్లు ఈ వీధుల్లో మామూలు దృశ్యమయ్యాయి. వ్యాన్ బ్యాటరీ రోజూ పనిచేస్తుంది, కుదుపులు తింటుంది, ఎండలో నిలబడుతుంది. సెల్లార్ బ్యాటరీకి ఏ పనీ ఉండదు. 2014కు ముందు వేసవుల్లో నగరంలో రోజూ గంటల లెక్కన కోతలు ఉండేవి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక సరఫరా మెరుగుపడింది. ఇప్పుడు గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడ్డప్పుడో, ఫీడర్ ట్రిప్ అయినప్పుడో తప్ప జనరేటర్‌కు పిలుపు రాదు. పిలుపు రాని జనరేటర్‌ని ఎవరూ తెరిచి చూడరు. ఈ ప్రాంతంలో ప్రమాదకరమైన బ్యాటరీ ఏదంటే, రోజూ వాడే వ్యాన్‌లోది కన్నా ఏడాదిగా ఎవరూ మూత తీయని సెల్లార్‌లోది అనే చెప్పాలి.

స్టార్టింగ్‌కు వాడే బ్యాటరీ ఇప్పటికీ ఎక్కువ చోట్ల సీసం, గంధకామ్లంతో పనిచేసేదే. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన అమరిక మూలంలో మారలేదు. నిండుగా ఛార్జ్ అయి, కొన్ని గంటలు ఊరికే ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2 చూపిస్తే సగం ఖాళీ అయినట్టు, 12.0కు దిగితే పావు వంతే మిగిలినట్టు. ఇందులో మూతలు తీసి నీళ్ళు పోసే రకం ఒకటి, పూర్తిగా మూసేసిన వీఆర్‌ఎల్‌ఏ రకం ఒకటి. రెండోదాన్ని ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని అమ్ముతారు. ఆ పేరు కొన్నవాళ్ళను నిశ్చింతగా పడుకోబెట్టింది. నీళ్ళు పోసే పని ఒక్కటే తప్పుతుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి. పైగా లోపల నీరు తగ్గిందో లేదో బయటికి తెలియదు, తగ్గితే నింపే దారీ లేదు. వేడి ఎక్కువగా ఉండే కనోపీల్లో మూత తీయగల రకమే మేలని అనుభవమున్న ఆపరేటర్లు అంటారు, ఆ మాటలో నిజముంది. నీళ్ళు పోసే మనిషి ఉన్నంతవరకే అది మేలు. ఎవరూ చూడని బంగళాకు మూసిన రకమే నయం.

నికెల్-కాడ్మియం మూడో దారి. 1977లో మొదలై, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10 చిరునామాగా ఉన్న హెచ్‌బీఎల్ సంస్థ ఈ రకం బ్యాటరీలకు దేశంలో పేరున్న తయారీదారు. ఒక్కో సెల్ 1.2 వోల్టులు కాబట్టి 24 వోల్టులకు 20 సెల్స్ కావాలి. వేడిని, నిర్లక్ష్యాన్ని సీసం బ్యాటరీ కన్నా ఎక్కువ కాలం ఓర్చుకుంటాయి, ఖరీదూ అలాగే ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చే చోట్ల ఆ ఖర్చుకు అర్థముంది, బంగళాకు అక్కర్లేదు. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. వీటిలో ఉండేది ఆమ్లం కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. సీసం బ్యాటరీకి వాడిన హైడ్రోమీటర్‌ని, గరాటును వీటిలో ముంచితే సెల్ పాడవుతుంది. రెండు రకాలూ ఉన్న చోట సామాను విడివిడిగా ఉండాలి.

బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నది వాయువుతో తేలే సంగతి. ఛార్జింగ్ చివర్లో, సెల్‌కు 2.4 వోల్టులు దాటుతున్న దశలో, నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే అంటుకుంటుంది, 75 శాతం దాకా అంటుకుంటూనే ఉంటుంది. చలికాలంలో నైలాన్ చొక్కా విప్పుతుంటే చిటపటమనే నిప్పురవ్వ దానికి చాలు. గాలికన్నా 14 రెట్లు తేలిక కనుక పైకే పోతుంది. ఎంత వస్తుందో లెక్క కట్టవచ్చు. అదనంగా పోయిన ప్రతి ఆంపియర్-అవర్‌కు ఒక్కో సెల్ నుంచి దాదాపు 0.45 లీటరు వస్తుంది. 24 వోల్టుల జంటలో 12 సెల్స్ ఉంటాయి. ఛార్జర్ చెడి, నిండిన బ్యాటరీలోకి 10 ఆంపియర్లు తోస్తూనే ఉందనుకుంటే గంటకు 54 లీటర్ల హైడ్రోజన్ తయారవుతుంది.

20 ఘనపు మీటర్ల గదిలో, గాలి అసలు ఆడకపోయినా, గది అంతటా 4 శాతం చేరడానికి పదిహేను గంటలు పడుతుంది. అదే 200 లీటర్ల బ్యాటరీ పెట్టెలో మూత బిగించి ఉంటే పది నిమిషాలు కూడా పట్టదు. కాబట్టి గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందని ధీమా పడి బ్యాటరీ పెట్టెకు చిల్లులు పెట్టకపోవడం తలకిందుల జాగ్రత్త. పెట్టెకు కింద ఒకటి, పైన ఒకటి గాలిదారులు ఉండాలి. గదిలో స్లాబు కింద దూలాల మధ్య గుంటల్లాంటి చోట్ల వాయువు నిలుస్తుంది, అందుకని బయటికి పోయే కంత స్లాబుకు ఆనుకునే ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో వాడే సూత్రం ప్రకారం 150 ఆంపియర్-అవర్ జంటను బూస్ట్ ఛార్జ్ చేసేటప్పుడు కావలసిన గాలి గంటకు 2 ఘనపు మీటర్ల లోపే, అందుకు 50 చదరపు సెంటీమీటర్ల కంత చాలు. అవే ప్రమాణాల ప్రకారం వెంట్ మూతల చుట్టూ 40 సెంటీమీటర్ల దాకా నిప్పురవ్వ పుట్టే వస్తువేదీ ఉండకూడదు. ఆ దూరంలోనే రిలే, కాంటాక్టర్, స్విచ్ ఉన్న పానెళ్ళు ఇక్కడి సెల్లార్లలో కనిపిస్తుంటాయి. స్థలం లేక అలా పెట్టామంటారు. పానెల్‌ని గోడకు రెండడుగులు పక్కకు జరిపి బిగించడానికి అదనపు స్థలం ఏమీ అక్కర్లేదు.

సెల్లార్ గురించి మరో మాట. జూబ్లీహిల్స్‌లో సెల్లార్ తవ్వడమంటే బండను కొట్టడం. బండలో తొలిచిన గుంటకు నీరు ఇంకే గుణం ఉండదు. వానాకాలంలో వాలు మీద నుంచి దిగిన నీరు అక్కడే నిలుస్తుంది. 2020 అక్టోబరు వానల్లో నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. నీట మునిగిన బ్యాటరీ టెర్మినళ్ళ మధ్య కరెంటు పారుతూ వాయువులు పుట్టిస్తుంది, ట్రేలో చేరిన ఆమ్లం నీళ్ళలో కలుస్తుంది. అందుకే సెల్లార్‌లో పెట్టక తప్పకపోతే నేల నుంచి అరమీటరైనా ఎత్తు గల దిమ్మె మీద, ఆమ్లానికి చెడని ప్లాస్టిక్ ట్రేలో పెట్టాలి. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని పాతకాలం వాళ్ళు చెప్పే మాట రబ్బరు డబ్బాల రోజులది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు. అయినా నేల మీద పెట్టకపోవడమే మంచిది, కారణం తేమ, ఎలుకలు.

వేడి రెండో శత్రువు. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే కనోపీలో అంతకు మించి ఉంటుంది. ప్రతి 8, 10 డిగ్రీల పెరుగుదలకు సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని అనుభవ సూత్రం. చల్లని దేశాల కేటలాగుల్లో రాసే ఐదారేళ్ళు ఇక్కడ నడవవు. మూడేళ్ళు దాటిన స్టార్టింగ్ బ్యాటరీని, ఇంకా పనిచేస్తున్నా సరే, ముఖ్యమైన చోటు నుంచి తీసేయడం తెలివైన పని. సైలెన్సర్ గొట్టానికీ, రేడియేటర్ వేడిగాలి పోయే దారికీ దూరంగా పెట్టడం వల్ల పైసా ఖర్చు లేకుండా ఏడాది ఆయుష్షు కలిసొస్తుంది. కేబుల్ పొడవు పెంచాల్సి వస్తే ఆ మేరకు మందం కూడా పెంచాలి.

ఆ కేబుల్, దాని లగ్గులు, టెర్మినళ్ళ దగ్గర కాస్త ఆగాలి. పెద్ద సెల్ఫ్ మోటారు 600 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. టెర్మినల్ మీద చిలుము పట్టి అక్కడ ఒక్క మిల్లీ ఓమ్ అవరోధం అదనంగా చేరితే 0.6 వోల్టు అక్కడే పోతుంది, 360 వాట్ల వేడి ఆ చిన్న బిగింపులో పుడుతుంది. ఇస్త్రీపెట్టెకు సగం వేడి, అదీ వెంట్ మూతకు జానెడు దూరంలో. సెల్ఫ్ కొట్టినప్పుడు బుస్సుమని పొగ వచ్చిందని, టెర్మినల్ కరిగిందని ఆపరేటర్లు చెప్పే సంగతుల వెనక ఉన్నది ఇదే. సెల్ఫ్ తిరుగుతుండగా 12 వోల్టుల బ్యాటరీ 9.6 కన్నా, 24 వోల్టుల జంట 19.2 కన్నా దిగిపోతే, బ్యాటరీ అయినా బిగింపు అయినా చెడి ఉందని గుర్తు. 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సీపీసీబీ-4 ప్లస్ కాలుష్య ప్రమాణాల తర్వాత చాలా ఇంజన్లకు ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు వచ్చాయి. వోల్టేజి బాగా పడిపోతే అవి రీసెట్ అయి, ఇంజన్ తిరుగుతున్నా స్టార్ట్ కాదు. పాత ఇంజన్ దగ్గర నడిచిన నిర్లక్ష్యం కొత్త ఇంజన్ దగ్గర నడవదు.

చిలుమును వేడినీళ్ళు, వంటసోడాతో కడిగి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తారు. బిగించక ముందు పూస్తే లోహానికీ లోహానికీ మధ్య అది అడ్డుపడుతుంది. గ్రీజు వాడే అలవాటు కొందరిది, అది ఎండకు కరిగి దుమ్మును పట్టి నల్లటి పొర కడుతుంది. సోడా నీళ్ళు వెంట్ కంతల్లోంచి లోపలికి పోకూడదు, పోతే ఆమ్లం చచ్చిపోతుంది.

బ్యాటరీ విప్పే వరుసకు కారణం ఉంది, కారణం తెలిస్తే వరుస మరిచిపోరు. మైనస్ టెర్మినల్ ఇంజన్ బాడీకి కలిసి ఉంటుంది. కనోపీ, ఛాసిస్, ఇంధన గొట్టాలు అన్నీ మైనస్సే. అది కలిసి ఉండగా ప్లస్ నట్టు విప్పుతున్న పానా కొస పక్కనున్న ఇనుముకు తగిలిందా, వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటు ఆ పానాలోంచి పారుతుంది. అందుకే విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ విప్పేశాక ప్లస్ దగ్గర పానా పక్కనున్న ఇనుముకు తగిలినా ఏమీ కాదు.

దీనికన్నా ముందు చేయవలసిన పని ఇంకొకటుంది, ఎక్కువమంది మరిచిపోయేది అదే. సెల్లార్ జనరేటర్లు చాలావరకు ఆటో మోడ్‌లో ఉంటాయి. మెకానిక్ బ్యాటరీ మీద వంగి ఉండగా బయట ఒక్క క్షణం కరెంటు పోతే చాలు, ఇంజన్ దానంతట అదే తిరుగుతుంది, ఫ్యాన్ బెల్టు పక్కనే ఉంటుంది. కాబట్టి ముందు పానెల్ సెలెక్టర్‌ని ఆఫ్‌కు తిప్పి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, తర్వాత మెయిన్స్‌తో నడిచే బ్యాటరీ ఛార్జర్‌ని కట్టేయాలి. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ తీగ పీకితే అక్కడ నిప్పురవ్వ పుడుతుంది, వాయువు ఎక్కువగా ఉండే సమయమూ అదే. ఛార్జర్ కట్టేశాక కొంతసేపు తలుపులు తెరిచి ఉంచి అప్పుడు మైనస్ మీద చెయ్యి వేయాలి. పని అయ్యాక సెలెక్టర్‌ని మళ్ళీ ఆటోలో పెట్టడం మరిచిపోయి వెళ్ళిపోతే ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు గానీ తెలియదు. పానెల్ మీద ఒక చీటీ తగిలించి, చివర్లో అది తీసేసే అలవాటు చేసుకుంటే ఆ చిక్కు రాదు.

చేతి ఉంగరం, కడియం, గడియారం, మెడలో గొలుసు తీసి జేబులో వేసుకోవాలి. రాగి ఉంగరం పెట్టుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ప్లస్ టెర్మినల్‌కూ పానాకూ మధ్య అది ఇరుక్కుంటే వేలు చుట్టూ కాలుతుంది, వేడెక్కిన ఉంగరం ఊడి కూడా రాదు. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టడం చాలా చిన్న పని. బ్యాటరీ బలం తెలుసుకోవడానికి తీగ ముక్కతో టెర్మినల్ మీద గీకి నిప్పురవ్వ చూడడం, స్పార్క్ కొట్టడం అంటారు దాన్ని, ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ దొరికే రోజుల్లో ఆ పరీక్షకు ఏ సమర్థనా లేదు. జంపర్ పెట్టేటప్పుడు కూడా ఇదే సూత్రం. ఆఖరి మైనస్ కొసను దిగిన బ్యాటరీకి తగిలించకుండా, దానికి దూరంగా ఇంజన్ బ్లాక్ మీద రంగు లేని చోట తగిలించాలి. నిప్పురవ్వ ఎలాగూ వస్తుంది, వాయువు లేని చోట వస్తుంది.

బరువు విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఆమ్లంతో కలిపి 40 కిలోలకు అటూఇటూ ఉంటుంది. ఇద్దరు పట్టాలి, నిలువుగానే మోయాలి, టెర్మినళ్ళు పట్టుకుని ఎత్తకూడదు. సెల్లార్ ర్యాంపు మీద ఒక్కడు భుజాన వేసుకుని దిగడం నడుముకూ మంచిది కాదు, కిందనున్న వాడికీ మంచిది కాదు.

రెండు బ్యాటరీల జంటలో ఒకటే చెడితే ఒకటే మార్చడం డబ్బు ఆదా అనిపిస్తుంది. సిరీస్‌లో ఉన్న పాతదీ కొత్తదీ ఒకే కరెంటును పంచుకుంటాయి, వోల్టేజిని మాత్రం సమంగా పంచుకోవు. ఒకటి ఎక్కువ ఛార్జ్ అయి ఉడుకుతుంది, ఇంకోటి ఎప్పటికీ నిండదు. ఆరు నెలల్లో కొత్తది కూడా పాతదాని దారి పడుతుంది. మార్చితే రెండూ ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి వేయాలి. వ్యాన్లలో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. 24 వోల్టుల జంటలో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే 12 వోల్టుల తీగ లాగి చిన్న ఫ్యానుకో, వాకీటాకీ ఛార్జర్‌కో, పాటల డబ్బాకో ఇస్తారు. ఆ బ్యాటరీ రోజూ కాస్త కాస్త దిగుతుంది, రెండోది నిండి పొంగుతుంది. 24 నుంచి 12కు మార్చే చిన్న కన్వర్టర్ పెట్టుకుంటే రెండింటి మీదా భారం సమంగా పడుతుంది.

వ్యాన్‌లో మరో అవసరం బిగింపు. గండిపేట వైపు మట్టిరోడ్ల మీదో, వికారాబాద్ అడవి దారుల్లోనో కుదిపితే లోపలి ప్లేట్లు విరుగుతాయి, విరిగిన ముక్కలు అడుగున చేరి సెల్ షార్ట్ అవుతుంది. బ్యాటరీ మీద అడ్డపట్టీ, కింద రబ్బరు షీటు ఉండాలి. పట్టీ ఇనుపదైతే టెర్మినళ్ళకు తగలకుండా రబ్బరు తొడుగు వేయాలి. ప్రయాణంలో మైనస్ వైపు ఐసొలేటర్ స్విచ్ తీసి ఉంచడం మంచి అలవాటు. సెల్లార్ సెట్‌లో అలా తీసి ఉంచితే ఆటో స్టార్ట్ పనిచేయదు, అక్కడ దాన్ని మరమ్మతులకే వాడాలి.

నిలిచి ఉన్న జనరేటర్‌లో బ్యాటరీని నిండుగా ఉంచేది మెయిన్స్ ఛార్జర్. 12 వోల్టుల బ్యాటరీకి 13.5 వోల్టుల దగ్గర ఫ్లోట్‌లో ఉంచడం రివాజు. ఛార్జర్ చచ్చిపోతే ఏమవుతుందో అంకెల్లో చూడవచ్చు. ఆటో పానెల్, రిలేలు కలిసి ఎప్పుడూ 200 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే రోజుకు 4.8 ఆంపియర్-అవర్లు. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ పదిహేను రోజుల్లో సగానికి వస్తుంది. సగం ఖాళీగా వారాల తరబడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్వపు బలం రాదు. దీనికి తలకిందులు, ఛార్జర్ ఎక్కువ వోల్టేజి ఇవ్వడం. డబ్బా ఉబ్బడం, తాకితే వేడిగా ఉండడం, కుళ్ళిన కోడిగుడ్డు వాసన దాని గుర్తులు. ఆ వాసన వస్తే బ్యాటరీని ముట్టుకోకుండా దూరం నుంచి ఛార్జర్ మెయిన్ కట్టేసి, తలుపులు తెరిచి, చల్లారేదాకా బయటే ఉండాలి.

వారానికోసారి ఐదు నిమిషాలు లోడ్ లేకుండా నడిపి ఆపేయడాన్ని చాలామంది పరీక్ష అనుకుంటారు. అమెరికాలో అత్యవసర జనరేటర్లకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం నెలకోసారి కనీసం 30 నిమిషాలు, సామర్థ్యంలో 30 శాతానికి తగ్గని లోడ్ మీద నడపమంటుంది. ఇంజన్‌కూ, బ్యాటరీకీ అదే మేలు. పరీక్ష రోజున ముందుగా ఛార్జర్ కట్టేసి బ్యాటరీ సొంత బలంతో స్టార్ట్ చేస్తేనే అది పరీక్ష. ఛార్జర్ ఆసరాతో నిలబడ్డ బ్యాటరీ మీటరు మీద ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

నీళ్ళ సంగతికి వస్తే, డిస్టిల్డ్ వాటరే పోయాలి. బ్యాటరీ నీటికి ఐఎస్ 1069 అనే భారతీయ ప్రమాణమే ఉంది. ఆర్‌ఓ నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు వాడడం ఇళ్ళలో కనిపిస్తుంది. ఏసీ నీరు ఆవిరి చల్లబడి వచ్చిందే అయినా రాగి, అల్యూమినియం కాయిల్ మీద దుమ్మును కడుక్కుని వస్తుంది. ఆర్‌ఓ నీటిలో లవణాలు తగ్గుతాయే గానీ పోవు. బోరు నీళ్ళ మాట ఎత్తనక్కర్లేదు. మట్టం తగ్గితే నీళ్ళే పోయాలి గానీ ఆమ్లం కాదు, ఎగిరిపోయింది నీరే. ఛార్జ్ అయ్యాక పోయడం పద్ధతి, ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి బయటికి వస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం మునిగే మేరకు ముందే పోయాలి. ఎప్పుడైనా ఆమ్లాన్ని నీళ్ళతో కలపవలసి వస్తే నీళ్ళలోకి ఆమ్లం పోయాలి. ఆమ్లంలోకి నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీద చిమ్ముతుంది.

నిండుగా ఉన్న బ్యాటరీలోని ద్రవంలో మూడో వంతుకు మించి గంధకామ్లమే. చర్మం మీద పడితే ధారగా నీళ్ళు పోస్తూ పదిహేను నిమిషాలు తగ్గకుండా కడగాలి, తడిసిన బట్టలు విప్పేయాలి. నేల మీద ఒలికితే వంటసోడా చల్లవచ్చు. కంట్లో పడితే సోడా, పాలు, సున్నపు తేట ఏవీ వేయకూడదు, సున్నమైతే ఆమ్లం కన్నా లోతుగా కన్ను తినేస్తుంది. రెప్పలు విడదీసి పట్టుకుని మంచినీళ్ళతోనే పదిహేను నిమిషాలు కడిగి, తర్వాత కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ ప్రాంతంలో అది దూరం కాదు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. సినిమా మనిషి ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళంతో 1987లో మొదలైంది. దగ్గరలో ఆసుపత్రి ఉంది కదా అని కడగకుండా పరిగెత్తితే మాత్రం ఆ పది నిమిషాల్లోనే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు కాదు, పక్కలు కూడా మూసే గాగుల్స్, రబ్బరు గ్లౌజులు, ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా జనరేటర్ దగ్గర ఎప్పుడూ ఉండాలి. వ్యాన్‌లో ఆ డబ్బా తాగే నీళ్ళకు ఖర్చవుతుంటుంది కనుక దాని మీద రాసి పెట్టడం మంచిది.

దసరాకు ఆయుధపూజ సంగతి చెప్పకుండా ఈ విషయం ముగియదు. కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగిసే పరిశ్రమలో జనరేటర్‌కి పూజ చేయకుండా ఎవరూ ఊరుకోరు, ఊరుకోమనీ అనక్కర్లేదు. కనోపీ తలుపు తెరిచి, బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టి, రెండు టెర్మినళ్ళ మధ్య సందులో అగరొత్తులు గుచ్చి, కర్పూరం వెలిగించి హారతి ఇవ్వడమే కూడనిది. ఆ ఉదయం దాకా వ్యాన్ నడిచి ఛార్జ్ అయి ఉంటే పెట్టెలో హైడ్రోజన్ నిలిచి ఉంటుంది. కనోపీ తలుపులు మూసి బయట రేడియేటర్ వైపు పూజ చేస్తే చాలు. తడి కుంకుమ టెర్మినళ్ళ మధ్య పూసుకుంటే సన్నగా కరెంటు పారుతుంది, మరునాడు పొడిగుడ్డతో తుడిచేయాలి. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

లిథియం బ్యాటరీలు ఈ రంగంలోకి ఇటీవల వచ్చాయి. కెమెరాలకు, ఎల్‌ఈడీ లైట్లకు వాడే వీ-మౌంట్ బ్యాటరీలు ఇప్పటికే ప్రతి యూనిట్‌లో ఉన్నాయి. తేలికగా ఉంటుందని కొందరు సెల్ఫ్ బ్యాటరీ స్థానంలోనూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేస్తున్నారు. అది నాలుగు సెల్స్‌తో 12.8 వోల్టులు ఇస్తుంది, మామూలుగా వాయువు విడుదల చేయదు, ఆమ్లం లేదు. అయితే దానిలోని రక్షణ సర్క్యూట్ ఇంజన్ నడుస్తుండగా ఒక్కసారిగా తెగితే ఛార్జింగ్ ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. పాత ఛార్జర్ వోల్టేజీ దానికి సరిపోకపోవచ్చు. స్టార్టింగ్‌కు పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన రకం, దానికి తగిన ఛార్జర్ రెండూ ఉంటే తప్ప ఈ మార్పిడి వద్దు. మిగతా లిథియం రకాలను రాశిగా పోసి రాత్రంతా ఛార్జ్ చేసే గదులు అసలు ఆందోళన కలిగించేవి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన మంటల పొగ పైఅంతస్తుల లాడ్జిలోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు. అలాంటి ఛార్జింగ్ గది మెట్లదారికి ఆనుకుని ఉండకూడదు, డీజిల్ డ్రమ్ములున్న జనరేటర్ గదిలో అసలే ఉండకూడదు. సీసం బ్యాటరీ దగ్గర మంటకు పౌడర్, కార్బన్ డయాక్సైడ్ రకం ఆర్పేవి సరిపోతాయి. లిథియం ప్యాక్ లోపలి నుంచి మళ్ళీ మళ్ళీ రాజుకుంటుంది, దాన్ని చల్లార్చడానికి నీళ్ళు ధారగా, చాలాసేపు కావాలి. అందుకు ముందు మెయిన్ కట్టేయాలి, అగ్నిమాపక సిబ్బందికి అది లిథియం అని ముందే చెప్పాలి.

పాడైన బ్యాటరీకి కిలోల లెక్కన ధర వస్తుంది కనుక ఎవరూ పారేయరు, తుక్కు వాడికి అమ్ముతారు. చిక్కు అక్కడే. డబ్బా పగలగొట్టి ఆమ్లాన్ని మోరీలో పోసి, సీసాన్ని పెరట్లో కరిగించే చోట్ల ఆ పొగ పిల్లల రక్తంలోకి చేరుతుంది. 2001 నాటి నిబంధనల స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. తిరుపతి దగ్గరి అమరరాజా సహా పెద్ద కంపెనీల డీలర్లు కొత్త బ్యాటరీ కొన్నప్పుడు పాతది తీసుకుని ధర తగ్గిస్తారు. తుక్కు వాడు ఇచ్చే ధరకన్నా అది కొంచెం తక్కువగా ఉండవచ్చు. డీలరుకు ఇచ్చేదాకా పాత బ్యాటరీని నిలువుగా, మూతలు బిగించి, టెర్మినళ్ళకు టేపు అంటించి, ట్రేలో ఉంచాలి. చచ్చిన బ్యాటరీ అనుకున్నదానిలో కూడా పానాను కాల్చేంత కరెంటు మిగిలి ఉంటుంది.